పనివాడి అభ్యంతరం

"ఈ కేసు వినే అధికారం ఈ కోర్టుకే లేదమ్మా. కొట్టేయండి," అన్నాడు ప్రభుత్వ వకీలు విట్లాక్, లేచీ లేవకముందే.

కేసు వేసింది కాజిమిర్. బఫెలో ఊళ్ళో అకార్డియన్ వాద్యాలు బాగుచేసే కొట్టు అతనిది. ఆ కొట్టు పేరున పెట్టిన పింఛను నిధి నిబంధనలకు సరిపోదు, పన్ను మినహాయింపు కుదరదు అని పన్నుల శాఖ తేల్చేసింది. ఇప్పుడీ కోర్టు కూడా తలుపేసుకుంటే, ముసలితనానికని దాచుకున్నది చాలావరకు పన్నుకే పోతుంది. ఈ వారంలో అతని గురించి నోరు విప్పిన మొదటి మనిషి ఈ విట్లాకే. ఆ మాట కూడా ఇలా ఏడిసింది!

"ఎందుకు లేదు?" అంది జడ్జి మెర్సర్.

"నిధికి గుర్తింపు అడిగేముందు పనివాళ్ళందరికీ నోటీసివ్వాలి. వాళ్ళకి అభ్యంతరం చెప్పే హక్కుంది. ఈయన ఇచ్చినట్టు రుజువేదీ?"

"ఇచ్చానమ్మా!" కాజిమిర్ లేచి నిలబడ్డాడు. "కాఫీ కాచుకునే చోట గోడకి అంటించాను."

"పనివాళ్ళు చూశారా?"

"ఉన్నది ఒక్కడేనమ్మా. రోజూ చూస్తూనే ఉన్నాడు."

"అభ్యంతరమేమైనా చెప్పాడా?"

"అయ్యో, వాడికి అదే పని! 'నీకు రిటైర్మెంటు దేనికయ్యా? కొట్టు మూస్తే ఎక్కడికి పోతావ్? పలకరించే దిక్కుందా నీకు?' అని పొద్దస్తమానం ఒకటే నస. నేనేం తక్కువ తిన్నానా? నాలుగు వడ్డిస్తాను. అలా సాయంత్రమైపోతుంది."

విట్లాక్ ఫక్కున నవ్వాడు. "కట్టుకథ! అంత నోరున్నవాడు కోర్టుకెందుకు రాలేదట?"

"రాకేం బాబూ, వచ్చాడు. దారంతా బస్సులో గొణుగుతూనే ఉన్నాడు."

"మరింకేం," అంది జడ్జి. "నోటీసు చూశానని అతను ఒక్క మాట చెబితే చాలు, కేసు వింటాను. పిలవండి."

కాజిమిర్ కదల్లేదు. జడ్జి కళ్ళజోడు సవరించుకుని వెనక బెంచీలకేసి చూసింది. అన్నీ ఖాళీ.

"ఎవరూ లేరే! ఏడీ మీ పనివాడు?"

కాజిమిర్ టోపీ చేతుల్లో నలుపుతూ తల దించుకున్నాడు.

"నేనేనమ్మా. ఆ కొట్టుకి యజమానినీ నేనే, పనివాణ్ణీ నేనే. నాతో పోట్లాడ్డానికి ఇంకెవరున్నారు?"