మీటరుకే పరీక్ష

మాట్లతాతకు తన నీడ మీద కూడా అనుమానమే. ఎండలో గిరుక్కున వెనక్కి తిరిగి, "ఎవడివిరా, వెంటపడుతున్నావ్?" అని దాన్ని గద్దించాడని వీధిలో చెప్పుకుంటారు.

అలాంటివాడి గుమ్మంలోకి, అరచేతిలో ఇమిడే మీటరు పట్టుకుని ఓ అమ్మాయి వచ్చింది.

"నీళ్లలో సీసం ఉందేమో చూస్తాం తాతగారూ. ఉంటే ఎర్రదీపం, లేకపోతే పచ్చదీపం."

"చిల్లుబిందెలకు మాట్లు వేస్తూ సీసంతో యాభై ఏళ్లు కాపురం చేశా. నన్నేం చేసిందటా?"

"పెద్దవాళ్ల సంగతి వేరండీ. ఇంట్లో చిన్నపిల్లలకు కడుపునొప్పి లాంటిదేమైనా..."

తాత గతుక్కుమన్నాడు. ఆరేళ్ల మనవరాలు నాలుగు నెలలుగా కడుపు పట్టుకుని మంచం దిగడం లేదు. డాక్టర్లు మారారు, మందులు మారాయి, నొప్పి మారలేదు.

ఈ సంగతి ఈ పిల్లకెవరు చెప్పారు? బెదరగొట్టి ఏ ఫిల్టరో అంటగట్టేందుకే వచ్చి ఉంటుంది! పైగా టార్చిలైటు కన్నా చవకట ఆ మీటరు. చవగ్గా దొరికిన సాక్షి నిజం చెబుతాడా?

"రేపు రా అమ్మాయ్. నీ మీటరుకే పరీక్ష పెడతా."

మర్నాడు బోరింగు దగ్గర వీధి వీధంతా పోగైంది. తాత సంచీలోంచి రెండు సీసాలు తీశాడు.

"ఇది మన బోరింగు నీళ్లు. ఇది పక్కవీధిది. కానీ మరి."

మొదటి సీసాకి పచ్చదీపం వెలిగింది. రెండోదానికి ఎర్రదీపం.

"అమ్మో! ఈ పక్కవీధి నీళ్లు పిల్లలకు అస్సలు పట్టకండి," అంది అమ్మాయి గాభరాగా.

తాత తొడ చరిచాడు.

"దొరికిందర్రా దొంగ! రెండూ మన బోరింగు నీళ్లే!"

జనం గొల్లుమన్నారు.

"పాపం, మీటరు పొద్దున్నే చుక్కేసుకొచ్చింది!" అన్నాడు దర్జీ.

"ఒక్కమాట తాతగారూ, ఆ సీసాలు ఎక్కడ..."

"ఇంకా ఏం మాటలు? బయల్దేరు, బయల్దేరు!"

ఆ పిల్ల తలొంచుకుని వెళ్లిపోయింది. తాత మీసం దువ్వుకుంటూ ఇల్లు చేరాడు.

"తాతా, దాహం," అంది మనవరాలు మంచం మీంచి.

"గెలిచొచ్చానే తల్లీ!" అంటూ తాత, ఒక్క సీసాకి బోరింగు కొట్టేసరికే రెక్కలు లాగేసి పొద్దున రెండో సీసా నింపుకున్న బిందెలోంచి, నాలుగు నెలల కిందట ముద్దుల మనవరాలికని తన చేత్తో మాటు వేసిచ్చిన ఆ బుల్లిబిందెలోంచి, గ్లాసు నిండా ముంచి ఇచ్చాడు.