రాఘవులు చదివిన పుస్తకం

"ఇందులో ఉన్నదంతా అబద్ధం సార్," అంటూ రాఘవులు ఆ బక్కపల్చటి పుస్తకాన్ని తహసీల్దారు బల్ల మీదికి విసిరాడు. "ఇది వచ్చినకాడ్నుంచి నా బోరుబండి మీదికి పనికి కొత్తగ ఒక్కడొస్తలేడు. వీడు సంతల నిలబడి చదివి వినిపిస్తుండు. బంద్ చేయించాలె."

వీడు అన్నది గోడవార బెంచీ మీద కూర్చున్న కేసా అనేవాణ్ణి. బోరుబండి మీద నుంచి పారిపోయి సొంతూరు కిష్టారం చేరాక, ఆ బండి మీద తను పడ్డదంతా రాసి భద్రాచలంలో అచ్చు వేయించుకున్నాడు. పక్కన అతని భార్య కోసి. ఆమె తమ్ముడు బుధ్రాం ఇంకా ఆ బండి మీదే చిక్కుకుని ఉన్నాడు. వాణ్ణి విడిపించమని మొగుడూ పెళ్లాలు పెట్టుకున్న అర్జీ తహసీల్దారు ముందే ఉంది.

తహసీల్దారు ఛత్తీస్‌గఢ్‌లోనే, కిరండూల్ గనుల దగ్గర పెరిగినా తెలుగువాడు, తెలుగు చదవగలడు. పుస్తకం అటూ ఇటూ తిప్పి నాలుగు లైన్లు చదివాడు.

"భలే ఉందే. నిజం చెప్పు కేసా, ఎవరు రాసిచ్చారు?"

"నేనే రాసిన సార్."

"ఇంత బాగా రాసేవాడు పైపులు మోశాడంటే ఎవరు నమ్ముతారయ్యా?"

"పైపులు మోసేటోడు బాగ రాయొద్దని తెల్వక రాసిండు సార్," అంది కోసి. "ఈసారి పాడుగ రాస్తడు."

తహసీల్దారు దగ్గి, రాఘవులు వైపు తిరిగాడు. "సరే, ఏది అబద్ధమో మీరు చెప్పండి."

రాఘవులు కళ్లజోడు తగిలించుకున్నాడు. ఆ పుస్తకాన్ని అతనంత శ్రద్ధగా చదివినవాడు ఇంకొకడు ఉండడు. పేజీల మధ్య గుర్తుకోసం అగ్గిపుల్లలు పెట్టుకుని వచ్చాడు.

"ఇగో, ఆధార్ కార్డులు, ఫోన్లు గుంజుకుంటనని రాసిండు. అబద్ధం. ఎవలయి వాళ్ల జేబుల్నే ఉన్నయి."

"ఎప్పటిసంది?" అంది కోసి.

ఆ మాట రాఘవులు చెవికెక్కలేదు. ఇంకో అగ్గిపుల్ల తీశాడు. "బండికాడ డ్రైవరు పానా పట్టుకొని కావలి ఉంటడంట. ఏడి కావలి? వాణ్ణి పూరీ తినిరాపొమ్మని నేనే హోటల్‌కు తోలిన. చింపిరి బనీన్లంట. కిటికీలకెల్లి చూడుండ్రి సార్, ఒక్కడన్న చింపిరిగ ఉన్నడా?"

తహసీల్దారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. కింద బస్టాండు ఎదుట, బోరుబండి పక్కన కుర్రాళ్లందరూ ఒకే రకం పసుప్పచ్చ చొక్కాల్లో నిలబడి ఉన్నారు. చొక్కాల మడతలు ఇంకా విడలేదు. పెళ్లికి వచ్చిన బ్యాండు మేళంలా ఉన్నారు.

"అన్నిటికంటె ఈ పేజీ సార్," రాఘవులు ఆఖరి అగ్గిపుల్ల తీశాడు. "మా పప్పుల మొహం చూసుకొని తల దువ్వుకునేటోళ్లమని రాసిండు. ఆ పప్పు వండేది మా ఆవిడ. అది చదివినకాడ్నుంచి నాకు ఇంట్ల బువ్వ పెడ్తలేదు."

"ఇప్పుడు తెలిసిందా సేటూ, కడుపు కాలుడంటే ఏందో," అన్నాడు కేసా.

"ఒరే, నువ్వు మాట్లాడకు."

తహసీల్దారు మూతికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు ఆగాక అడిగాడు. "ఇంటికి పోతామంటే పోనివ్వవని కూడా రాశాడు కదా?"

"అదే అన్నిట్ల పెద్ద అబద్ధం. ఎవలు పోతనన్నా పొమ్మంట. నా మాట వద్దు సార్, వాళ్లనే అడుగుండ్రి. ఈ కోసి తమ్ముడే ఉన్నడు కింద. పిలుస్తా."

కోసి బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

"ఆ అబ్బాయి ఏం చెబితే అదే వాంగ్మూలంగా రాసుకుంటాను," అన్నాడు తహసీల్దారు. "ఇబ్బంది లేదన్నాడంటే మీ అర్జీ మూసేస్తాను. కేసా, పుస్తకం అమ్మడం కూడా మానెయ్యాలి."

రాఘవులు కిటికీలోంచి కేకేశాడు. "రేయ్ బుధ్రాం, పైకి రా. అడిగింది చెప్పిపో."

"నేర్పిచ్చి తెచ్చిండు," కేసా పెళ్లాం చెవిలో గొణిగాడు. "నాతోని కూడ ఒకపారి ఇట్లనే చెప్పిచ్చిండు. మన పని అయిపోయినట్టే."

"నోరు ముయ్యి," అంది కోసి. కానీ ఆమె మొహం కూడా పాలిపోయింది.

వాడు వచ్చేసరికి కాస్త ఆలస్యమైంది. పసుప్పచ్చ చొక్కాలో బుధ్రాం గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అక్క వైపు చూడలేదు, బావ వైపూ చూడలేదు. తహసీల్దారు నెత్తి మీద ఉన్న ఫ్యానును చూస్తూ, బడిలో పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు.

"మా సేటు దేవుడసొంటోడు. కొట్టడు, తిట్టడు. కడుపునిండ పెడతడు. మా కార్డులు మా దగ్గర్నే ఉంటయి. మాకు కావలి ఉండదు. ఎప్పుడు పోవాలనిపిస్తే అప్పుడు మేం ఇంటికి పోవచ్చు."

ఆ మాటలతో పాటే రాఘవులు పెదవులూ కదిలాయి. చివరి మాట దగ్గర తృప్తిగా తల ఊపి కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

కోసి తల దించుకుంది. తహసీల్దారు వాంగ్మూలం రాయడం పూర్తిచేసి కలం మూత పెట్టాడు.

"ఇంకేమైనా చెప్పేదుందా?"

"ఒక్కటుంది సార్," అన్నాడు బుధ్రాం. "ఇంటికి పోవచ్చన్నది నిజమేనా అని కిందోళ్లు అడిగిండ్రు, సేటు మీ ముందల చెప్పమన్నడంటే నిజమే ఉంటదని నేనన్న, అందరు మా దిక్కు పోయే బస్సెక్కి నాకు కిటికీకాడ సీటు ఆపిండ్రు."