మెచ్చుకున్న గది

తెలుగు ఒకటో తరగతి గోడ మీది అట్టల రైలుకు హారతి టీచరు చివరి పెట్టె అంటిస్తుండగా హెడ్మాస్టరు కేశవప్ప వచ్చాడు. పెట్టెకొక తెలుగు అక్షరం. వేసవి సెలవులన్నీ ఆమె ఈ గదికే పెట్టింది.

"తనిఖీకి వచ్చిన సాహేబ్రు ఈ గది చూసి శానా మెచ్చుకున్యారమ్మా."

ఆమె ముఖం వెలిగింది. "ఇది చూసన్నా పిల్లోళ్లు ఇంగ్లీషు సెక్షన్‌కు పోకుండా తెలుగులోనే ఉంటారని చేసినా సార్."

"ఆ ఇంగ్లీషు సెక్షన్‌నే ఈడ పెట్టమన్యారు. రైలు ఉండనీ. అక్షరాలు మార్చెయ్."

"మరి నా పిల్లోళ్లు యాడ కూచోవల్ల?"

"తొమ్మిది మందే కదా. వరండా సాలు."

"అన్యాయం సార్! తెలుగు పిల్లోళ్లంటే అంత లోకువా?"

కేశవప్ప గొంతు పెంచలేదు. చేతిలోని అడ్మిషన్ రిజిస్టరు తెరిచి ఆమె ముందు పెట్టాడు.

"కోప్పడొద్దమ్మా. ఇంగ్లీషు సెక్షన్‌లో మొదటి పేరు నువ్వు రాయించిందే. మీ చిన్మయి కూచునేది ఈ గదిలోనే."

రిజిస్టరును హారతి దగ్గరికి లాక్కుంది. కూతురి పేరు కింద తన సంతకం కేసి చూసింది. తల ఎత్తకుండానే అడిగింది.

"వరండాలో ఎండ ఎన్ని గంటలకు తగ్గుతాది సార్?"