మొదటి జత చెప్పులు

ఆ గురువారం కూడా వరుసలో మొదటివి నీలం పట్టీల చెప్పులే.

వాటిని చూడగానే నరేందర్‌కు ఒళ్లు మండింది.

నాచారం గల్లీలోని ఆ చిన్న సర్కారు దవాఖానకు గుండె డాక్టరు గురువారం మాత్రమే వస్తాడు. ముప్ఫై చీటీలే ఇస్తారు, అవి కూడా ఎనిమిదింటికి. జనం తెల్లారకముందే వచ్చి, చెప్పులు వరుసలో విడిచి, గోడ పక్కన కూలబడతారు. ఎవరి చెప్పులు ఎక్కడుంటే వాళ్ల చోటు అక్కడ. ఎవరూ పెట్టని చట్టం, అందరూ పాటించే చట్టం.

నరేందర్ పని చేసేది మందుల కంపెనీలో. రోజంతా గుండె బిళ్లలు డబ్బాల్లోకి ఎక్కిస్తాడు. తల్లి సూర్యకళ మాత్రం నాలుగు అడుగులేస్తే ఆయాసపడుతోంది. ప్రైవేటులో చూపించి, ఉన్నదంతా ఊడ్చి, చివరికి ఇక్కడికొచ్చాడు. పోయిన రెండు గురువారాలూ అతని వంతు రాకముందే చీటీలు అయిపోయాయి.

ఆ రెండుసార్లూ అతను ఒక సంగతి గమనించాడు.

నీలం చెప్పులది ఒక ముసలాయన. ఖాకీ చొక్కా, చంకలో గుడ్డ సంచి. కిటికీ తెరిచే వేళకు వరుస వెంట వెనక్కి నడుస్తాడు. ఎవరో ఒకరిని వెంటబెట్టుకొచ్చి తన చోట నిలబెడతాడు. వాళ్లు ఆయన చేతులు పట్టుకుంటారు. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోతాడు.

దవాఖానల దగ్గర బ్రోకర్లుంటారని నరేందర్‌కు ఒకరు చెప్పాలా?

గోడ పక్కన కూర్చున్న ఆటో డ్రైవరు నతానియేలు అప్పటికే వాదన మొదలుపెట్టాడు.

“సర్కారోళ్లు ఆరోగ్య కార్డులిచ్చి ప్రైవేటోళ్లకు కట్టే పైసలు ఈడ పెడితే, రోజుకో డాక్టరొస్తడు గదనే!”

“ఈడ పెట్టినా ఎవడొస్తడన్నా? పైసలున్నోడు గీ గేటు తొక్కుతడా?” అన్నాడు నరేందర్. “ఆ కార్డేదో ప్రైవేట్ల గట్టిగ నడిస్తే సాలు.”

“నడిస్తే నువ్వీడ ఎందుకున్నవ్?”

నరేందర్ మెట్ల మీద కూర్చున్న తల్లి వైపు తిరిగాడు.

పక్కనే కూర్చున్న నీలం చెప్పుల ముసలాయన మెల్లగా నవ్వాడు. “ఎవలు గెలిచినా చెప్పులు మాత్రం మనమే విడువాలె బిడ్డా.”

నరేందర్ లేచి చెప్పుల జతలు లెక్కపెట్టాడు. తనది ముప్ఫై ఒకటోది.

ఒక్క జత. ఒక్క జత ముందు లేకపోతే అమ్మకు చీటీ దొరుకుతుంది.

నేరుగా ముసలాయన ముందుకెళ్లి నిలబడ్డాడు. “తాతా, నీ చోటు మా అమ్మకియ్యి. ఎంతో చెప్పు.”

ముసలాయన మెట్ల మీదున్న సూర్యకళ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

“ఇయ్యాల ఇయ్యలేను బిడ్డా. ఒకలకు మాటిచ్చిన.”

“అంటే అమ్ముడువోయిందన్నట్టు!”

“గట్ల గాదు...”

“ఇంకెట్ల? ఇగో సూడుండ్రి! వారం వారం వచ్చి చోట్లు అమ్ముకుంటుండు! మనం ముసలోళ్లను ఏసుకొని గోడకు పడి ఉండాలె, ఈయన దందా జేసుకోవాలె!”

వరుస మొత్తం లేచింది. “అవు, నేను గూడ సూసిన,” అన్నారెవరో. “ఎనక్కి పంపుండ్రి,” అన్నారింకెవరో. గేటు దగ్గరి సెక్యూరిటీ ఏం చేయాలో తోచక, నీలం చెప్పులు తీసుకెళ్లి వరుస చివర పెట్టాడు.

ముసలాయన గొడవ పెట్టుకోలేదు. గోడ పట్టుకుంటూ నడిచి, తన చెప్పుల వెనక నిలబడ్డాడు.

ముప్ఫయ్యో చీటీ సూర్యకళకు అందింది. కిటికీ మూసేశారు.

తల్లిని లోపలికి తీసుకెళ్తూ నరేందర్ వెనక్కి చూశాడు. ముసలాయన చెయ్యెత్తి, “మంచిగైంది పో, మీ అమ్మకు దొరికింది,” అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాడు నరేందర్.

డాక్టరు పరీక్షలు రాసి, రిపోర్టులతో వచ్చే వారం రమ్మన్నాడు.

మరుసటి గురువారం మొదటి జత చెప్పులు నరేందర్‌వే. నీలం చెప్పులు వరుసలో ఎక్కడా లేవు. పీడ వదిలిందనుకున్నాడు.

లోపల సిస్టర్ మరియా ఒకటో నంబరు చీటీ అందుకుని నవ్వింది.

“రామస్వామి తాత ఇచ్చిండా? మల్లా ఇచ్చిండా?”

“రామస్వామి ఎవరు సిస్టర్?”

“నీలం చెప్పులాయన. ఖాకీ చొక్కా.”

“ఆ బ్రోకరా? పోయిన వారమే ఎనక్కి పంపిచ్చినం,” అన్నాడు నరేందర్, కొంచెం గర్వంగానే.

సిస్టర్ నవ్వు ఆగిపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ సెక్యూరిటీ తల దించుకున్నాడు.

“ఆయన లేడు సిస్టర్. ఆ గురువారం పొద్దుగూకకముందే పోయిండంట. ఉప్పల్ బస్టాపుల కూసున్నోడు కూసున్నట్టే.”

ఆమె కుర్చీలో కూలబడింది. టేబుల్ మీద అన్నిటికన్నా పైన విడిగా పెట్టుకున్న రామస్వామి ఫైలును దగ్గరికి లాక్కుంది.

“పోయిన వారం మాత్రం ఎవ్వలకూ ఇయ్యనని నా చేతిల చెయ్యేసి మాటిచ్చిండు,” అంది.

బెంచీ మీద అమ్మ, ఏమైందన్నట్టు చూస్తోంది.

సిస్టర్ ఫైలు తెరిచి అతని వైపు తిప్పింది. పైన డాక్టరు రాసిన ముక్క ఉంది: గుండె ఆపరేషన్‌కు పంపాలి, ఆలస్యం చేయొద్దు. కింద వరసగా పది గురువారాల తేదీలు.

మొదటి తొమ్మిది తేదీల ఎదురుగా సిస్టర్ చేతిరాత ఒకటే: ‘తన చీటీ వేరే పేషెంటుకు ఇచ్చాడు.’

పదోది, ముప్ఫయ్యో చీటీ సూర్యకళకు దొరికిన రోజుది. దాని ఎదురుగా రెండే మాటలున్నాయి: ‘పేషెంటు రాలేదు.’