తెల్లగా మిగిలిన చోటు

సెవ్దా తువ్వాళ్ల కట్ట విప్పి, నడుమ పెట్టిన కాగితాన్ని బయటికి తీసింది. ఆ పిల్ల భుజం మీదుగా వెలిచ్కా తొంగి చూసింది. కాగితం అంచులు నల్లబడ్డాయి. మధ్యలో మాత్రం అరచేయంత తెలుపు.

ఆపరేషన్ కత్తులూ కత్తెర్లూ ఆవిరిలో పెట్టేముందు రోజూ చేసే పరీక్ష ఇది. యంత్రం ముందుగా లోపలి గాలినంతా లాగేయాలి. లాగేస్తే కాగితం మొత్తం నల్లబడుతుంది. గాలి ఎక్కడ మిగిలితే అక్కడికి ఆవిరి చేరదు, క్రిములు చావవు, కాగితం తెల్లగా ఉండిపోతుంది.

వెలిచ్కా ఈ గదికి పెద్ద నర్సు, సెవ్దా ఆమె చేతికింద పని నేర్చుకున్న పిల్ల. ఇన్నేళ్లలో యంత్రం ఏనాడూ ఇలా మొండికెయ్యలేదు. నెల దాటింది, రోజూ ఇదే వరస. ఇవాళ కూడా బాగుపడకపోతే దాన్ని పాత ఇనుముకు అమ్మేసి, ఆపరేషన్లన్నీ ప్లోవ్‌దివ్ పట్నానికి పంపేస్తానన్నాడు పెద్ద డాక్టరు. ఈ కొండ ఊళ్లలో కాన్పు కష్టమైన ఆడది మంచుదారిలో అంతదూరం బతికి వెళ్తుందా? ఆ దిగులుతోనే వెలిచ్కా యంత్రాన్ని అంటిపెట్టుకుని ఉంది. ఏ పరీక్షకూ దాని పక్కనుంచి కదల్లేదు.

మెకానిక్ గెంచో తలుపు రబ్బరు మార్చాడు. పంపు విప్పి బిగించాడు.

"యంత్రం గుండ్రాయిలా ఉందే పిల్లా," అన్నాడు. "లోపల ఎవరో చూరు పట్టుకుని వేలాడుతున్నారు."

"ఆ మాటనకు బాబాయ్," అంది సెవ్దా. " నాకసలే దడగా ఉంది. నేను మడిచిపెట్టిన తువ్వాళ్లు పొద్దున ఎవరో మళ్లీ మడిచారు."

"నేనేనే మడిచింది," అంది వెలిచ్కా. "మరీ బిగించి మడవొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

సెవ్దా కొత్త తువ్వాళ్లు తీసి మళ్లీ బిగించే మడుస్తోంది. ఈమధ్య దీనికి ఏం చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది.

వెలిచ్కాకూ లోపల భయంగానే ఉంది. తనకు పని నేర్పిన స్తోయ్నా ఈ గదిలోనే కూలిపోయి ప్రాణం వదిలింది. ఆవిడే ఇంకా ఇక్కడ తిరుగుతోందేమో. లేకపోతే ఇంత వేడి గదిలో ఈ చలి ఏమిటి?

"చివరిసారి పెట్టి చూద్దాం," అన్నాడు గెంచో.

సెవ్దా కొత్త కట్ట లోపల పెట్టింది. మీట నొక్కేముందు వసారాలోకి వెళ్లి, కిటికీ గట్టు మీద గిన్నెడు ఉడికిన గోధుమలు పెట్టి పంచదార చల్లింది. పోయినవాళ్లకు పెట్టే గోధుమలు. పిల్ల భయపడి స్తోయ్నాకు పెడుతోంది కాబోలు అనుకుంది వెలిచ్కా. పక్కనే కాఫీ. చిక్కగా, పంచదార లేకుండా, అచ్చం తను తాగేలాగే. కప్పు కూడా తనదే.

పిల్లకు అలక తీరిందన్నమాట. నెల తర్వాత మొదటిసారి వెలిచ్కా యంత్రాన్ని వదిలి బయటికొచ్చింది. కాఫీ పొగ ముఖానికి తగిలేలా వంగి నిలబడింది. లోపల యంత్రం రొద పెట్టి, ఆగింది.

"బాబాయ్, నల్లగా వచ్చింది," సెవ్దా కేకేసింది. "మూల మూలకీ నల్లగా వచ్చింది."

వెలిచ్కాకు ఏడుపొచ్చింది. యంత్రం బతికింది. గబగబా గది వైపు నడిచింది.

సెవ్దా బయటికొచ్చి తలుపు మూసి, దాని మీద ఒక కాగితం అతికిస్తోంది. అంచులు నలుపు, మధ్యలో తెలుపు. బాగుపడ్డాక కూడా ఆ తప్పిన కాగితం తలుపుకెందుకు?

దగ్గరికెళ్లి చూస్తే, నల్లటి అంచుల నడుమనుంచి తెల్లగా నవ్వుతున్నది తన ముఖమే, కింద 'మా వెలిచ్కా అక్క మమ్మల్ని వదిలి వెళ్లి నేటికి నలభై రోజులు' అని అచ్చువేసి ఉంది.