లేబుల్ లేని చొక్కా

ముసలాయన చొక్కా కాలర్ తిప్పి, కుట్టు మీద బొటనవేలు రాశాడు.

"ఇది సిటీ కుట్టు కాదమ్మా. కాజాలు సేత్తో కుట్టినవి. అచ్యుతాపురం సంతకాడ ఒకడున్నాడు, ఎడమసేతి వాటం. ఇది ఆడి పనే."

ఎస్సై ఇంద్రజ కానిస్టేబుల్ అశోక్ వంక చూసింది. అశోక్ నీరసంగా బండి తాళాలు తీసుకున్నాడు.

సాయంత్రానికల్లా, ఆ చొక్కాతో ఒడ్డుకు కొట్టుకొచ్చిన మనిషికి పేరు దొరికింది. పేరుతోపాటు ఏడ్చేవాళ్లూ దొరికారు.

గుర్తు తెలియని శవాల కోసం పోలీసుల్లో ప్రత్యేకంగా పెట్టిన విభాగం అది. ప్రత్యేకమంటే ఒక గది, ఒక బీరువా, ఈ ఇద్దరూ.

శవం మార్చురీలోనే ఉంటుంది. బట్టలు మాత్రం ఇక్కడికొస్తాయి. మూడు రోజుల్లో ఎవరూ రాకపోతే నంబరు వేసి పూడ్చేస్తారు. ఆ నెలలో అప్పటికే ఏడు నంబర్లు. ఇంద్రజకి ఒళ్లూ మనసూ రెండూ అలిసిపోయాయి.

ముసలాయన మంగళవారం, శుక్రవారం వస్తాడు. ఒకప్పుడు టైలరట. ఆయన మాట మీద తేలిన కేసులు పదిహేను పైనే. ఫైళ్లలో మాత్రం "నమ్మదగిన సమాచారం మేరకు" అని రాసి ఊరుకునేవారు.

"ఇంత దూరం వచ్చి ఇవన్నీ చూస్తే నీకేం వస్తుంది తాతా?" అని ఒకసారి అడిగింది.

"నాకేటొత్తాదమ్మా! మనిసి పేరు నేకుండా ఎల్లిపోకూడదు గదా," అన్నాడు టీ గ్లాసు కింద పెడుతూ.

ఆయన పేరేమిటని అడగాలని మాత్రం ఆమెకి అప్పుడూ తోచలేదు.

ఆ తర్వాతి మంగళవారం, కొమ్మాది దగ్గర హైవే దాటుతున్న మనిషిని లారీ గుద్దేసింది. ముఖం మిగల్లేదు. ఫోను లేదు, కాగితం లేదు. వేలిముద్రలు పాత నేరస్థులెవరితోనూ కలవలేదు. మధ్యాహ్నానికి చొక్కా బల్ల మీదికొచ్చింది.

ఇంద్రజ కాలర్ తిప్పి చూసింది. లేబుల్ లేదు. కుట్టు మాత్రం ముచ్చటగా ఉంది.

"టైలర్ షాపులన్నీ తిరిగి రమ్మంటారా మేడం?" అన్నాడు అశోక్, వద్దంటే బాగుండునన్నట్టు.

"ఈ ఎండలో ఎక్కడ తిరుగుతావ్? తాత వస్తాడుగా. ఇట్టే చెప్పేస్తాడు."

ఆ రోజు ఆయన రాలేదు.

"శుక్రవారం వస్తాడులే," అంది.

శుక్రవారం పదిసార్లు గేటు వైపు చూసింది. సాయంత్రం ఐదింటికి మార్చురీ నుంచి కాగితం వచ్చింది. సంతకం పెట్టింది. ఎనిమిదో నంబరు.

"సరిగ్గా అవసరమైనప్పుడే మొహం చాటేశాడు చూడు!" అని విసుక్కుంది.

శనివారం పొద్దున్నే ఒక ముసలమ్మ గుమ్మంలో నిలబడింది. మెడలో చిన్న శిలువ.

"భీమిలి నుంచి ఒచ్చానమ్మా. మా ఆయన ఈడకొత్తాడు గదా, సొక్కాలు సూడ్డానికి. యోహాన్, టైలర్ యోహాన్. పరవాడలో కూతురు కాడ ఉండిపోనాడనుకున్నాను. నిన్న ఫోన్ సేత్తే ఆడకి రానేదంది."

ఇంద్రజ ఆ పేరు వినడం అదే మొదలు.

"మేమూ ఆయన కోసమే చూస్తున్నామమ్మా. కూర్చోండి," అంటూ కుర్చీ జరిపింది.

ముసలమ్మ కూర్చోలేదు. బల్ల దగ్గరికి నడిచింది. మరకలు ఎండిన చొక్కా కాలర్ తిప్పి, కుట్టు మీద బొటనవేలు రాసింది. చాలాసేపు ఆ వేలు అక్కణ్నుంచి కదల్లేదు.

"పైవోళ్ల సొక్కాలకే పేరు పట్టీ, నాకెందుకే అనీవోడు," అంది. "మంగళారం పొద్దున్న ఇదే ఏసుకుని, మీ కాడికనే బయల్దేరాడమ్మా."