‘చూడాలి’ అన్న పెద్దాయన

ఏటి వరద ఆసుపత్రి కిటికీల దాకా వచ్చిందే, దాని మరుసటి ఏడాది సంగతి.

ఆసుపత్రి అంటే పెద్దదేం కాదు. ఒక డాక్టరు, ఒక నర్సమ్మ, ఒక కాంపౌండరు.

ముందుసారి తనిఖీకి వచ్చినవాళ్ళు ముఖం మాడ్చుకుని వెళ్ళారు. ఈసారి కూడా లోపాలు కనబడితే తలుపుకు తాళం వేస్తామన్నారు.

‘ఈ వారంలో మా మనిషి వస్తారు’ అని కబురు వచ్చింది. ఎవరో, ఎప్పుడో చెప్పలేదు.

ఒక పొద్దున వాకిట్లో ఒక పెద్దాయన నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, మెడకు మఫ్లరు, చంకలో తోలుసంచి.

“ఏం కావాలండీ?” అన్నాడు కాంపౌండరు.

ఆయన ఒక్కటే మాట అన్నాడు.

“చూడాలి.”

కాంపౌండరు లోపలికి పరుగెత్తాడు.

“సార్, వచ్చేశాడు!”

“ఎవరు?”

“తనిఖీ ఆయన. చూడాలంటున్నాడు. ముఖంలో నవ్వన్నది లేదు.”

డాక్టరు ఒక కాలికే చెప్పు వేసుకుని ఎదురెళ్ళాడు.

“దయచేయండి సార్. అన్నీ చూడండి. మా దగ్గర దాపరికం లేదు.”

పెద్దాయన ఏదో అనబోయి ఊరుకున్నాడు.

నర్సమ్మ మంచినీళ్ళు తెచ్చింది. ఆయన గుక్కెడు నోట్లో పోసుకుని, ముఖం చిట్లించి, గ్లాసు పక్కన పెట్టేశాడు.

“టాంకు సంగతి పట్టేశాడు” అని గొణిగింది నర్సమ్మ.

“దానికేమైంది?” అన్నాడు డాక్టరు.

“కడిగింది ఎప్పుడో మీకు గుర్తుంటే చెప్పండి.”

కాంపౌండరు చీపురు పట్టుకుని మేడెక్కాడు. టాంకులో ఒక తొండ వెల్లకిలా తేలుతోంది.

పెద్దాయన వేలితో మెడ చూపించుకున్నాడు. తల పైకెత్తి నోరు తెరిచాడు.

డాక్టరు కూడా తల పైకెత్తాడు. ఫ్యాను ఒక్క బోల్టు మీద వేలాడుతోంది.

“మెడ మీద పడుతుందంటున్నారు సార్” అంది నర్సమ్మ.

“అమ్మో! రోజూ దాని కిందే కదా కూర్చుంటున్నాను!”

కరెంటు పనివాడికి కబురు వెళ్ళింది.

మందుల ఫ్రిజ్ తలుపు తీసి చూపించారు. ఆయన ఆ చల్లగాలికి ముఖం పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

“చూశావా, చెంపతోనే కొలిచేస్తున్నాడు” అన్నాడు డాక్టరు, నర్సమ్మ చెవిలో.

తర్వాత ఆయన పరీక్ష బల్లెక్కి పడుకున్నాడు. బల్ల కిర్రుమని ఒక పక్కకు ఒరిగింది.

“పడుకుని మరీ చూస్తున్నాడు. ఇలాంటి ఆఫీసరు ఉంటాడని కలలో కూడా అనుకోలేదు” అంది నర్సమ్మ.

వడ్రంగికి కబురు వెళ్ళింది.

మధ్యాహ్నానికి పెద్దాయన మెల్లగా లేచి సంచి తీసుకున్నాడు.

“అంతా బాగున్నట్టేనా సార్?” అన్నాడు డాక్టరు.

ఆయన తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు.

ముగ్గురూ ఆ పూట అన్నం కూడా తినకుండా తోమారు, కడిగారు, బిగించారు.

సాయంత్రం ఒకావిడ వచ్చింది.

“తనిఖీకి వచ్చానండీ.”

“అదేంటమ్మా, పొద్దున మీవారు వచ్చి చూసి వెళ్ళారు కదా!” అన్నాడు కాంపౌండరు.

“మావారా? ఆయన మంచం దిగడమే గగనం. ఇక్కడికెందుకొస్తారు?”

“అంటే, మీ ఆఫీసువారు.”

“ఈ పనికి మా ఆఫీసులో ఉన్నది నేనొక్కదాన్నే.”

ఆవిడ అన్నీ చూసింది. టాంకు మెరుస్తోంది. ఫ్యాను గట్టిగా బిగిసి ఉంది. బల్ల నాలుగు కాళ్ళ మీదా నిలబడింది.

“ముందుసారి వాళ్ళు చెప్పిన ఆసుపత్రి ఇదేనా?” అంటూ సంతకానికి కలం తీసింది.

అంతలో ఒక అమ్మాయి విసురుగా లోపలికొచ్చింది.

“డాక్టరుగారూ, పొద్దున మా నాన్న మఫ్లరు కట్టుకుని మీ దగ్గరికొచ్చాడు. గొంతు పూడుకుపోయింది, ఒళ్ళు కాలిపోతోంది. ఆసుపత్రంతా తిప్పి చూపించారట. ఆయన్ని మాత్రం చూడలేదట!”

నర్సమ్మ కాంపౌండరు వైపు తిరిగింది.

“ఎవరు ఎవర్ని చూడాలో అడగొద్దుటయ్యా?”



తనిఖీ ఆవిడ కలానికి మూత పెట్టేసింది.

“గోడలు చక్కగా ఉన్నాయి డాక్టరుగారూ. మనిషి సంగతేంటి? రేపు పొద్దున మళ్ళీ వస్తాను. ఆయనకి ఏం చేశారో చూశాకే తాళం మాట తేలుస్తాను.”

డాక్టరు కిట్టు పట్టుకుని ఆ అమ్మాయి వెంట నడిచాడు. గొంతు చూశాడు. ఇంజెక్షన్ చేశాడు.

“నాలుగు రోజులు నోరు మెదపకూడదు. మెదిపారో, ఆ గొంతు ఇక దక్కదు.”

పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“రేపు రాకపోతే ఆ పనిలో ఇంకొకర్ని పెట్టుకుంటామన్నారండీ. నాన్న పనంతా గొంతుతోనే” అంది కూతురు.

“పాటలు పాడతారా?”

“పాటలైతే నాలుగు రోజులు మానేస్తే అడిగేదెవరు?”

“మరి?”

ఆ అమ్మాయి చెప్పింది.

డాక్టరు పెద్దాయన ముఖంలోకి చూశాడు. ఆ గొంతు తను రోజూ వినేదే. మనిషిని మాత్రం ఎన్నడూ ఎరగడు.

మర్నాడు పొద్దున తనిఖీ ఆవిడ వచ్చి బస్టాండులో దిగేసరికి, ఏ బస్సు ఎటు వెళ్తుందో ఊరందరికీ కేకేసి చెప్పే మైకు గదిలో పెద్దాయన నోరు మూసుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన వేలు చూపించిన బస్సునల్లా పక్కన నిలబడి డాక్టరు మైకులో పిలుస్తున్నాడు, నడుమ నడుమ “తర్వాతి పేషెంటు రావాలి” అని కూడా అనేస్తూ.